సెకండ్‌హ్యాండ్ 9211-8ఐ: మామూలు పీసీఐఈ స్లాట్‌లో పడుతుందా?

"ఎక్స్8 కార్డే కదా, ఏ బోర్డులోనైనా పడుతుంది" అని వైజాగ్ ద్వారకానగర్ షాపుల్లో చెప్పే మాట, కంప్యూటర్‌కి ఎనిమిది డిస్కులు తగిలించే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు వరకు నిజమే. ఎక్స్8, ఎక్స్16 (ఎనిమిది, పదహారు లేన్ల, అంటే డేటా దారుల) పొడవున్న పీసీఐఈ స్లాట్ ఏదైనా సరిపోతుంది. చూసుకోవాల్సింది బ్రాకెట్, అంటే కార్డుని క్యాబినెట్‌కి బిగించే రేకు. సర్వర్ల నుంచి ఊడదీసిన కార్డులకు తరచూ 8 సెంటీమీటర్ల పొట్టి బ్రాకెట్టే ఉంటుంది. టవర్ క్యాబినెట్‌కి 12 సెంటీమీటర్లది కావాలి. బ్రాకెట్ లేకుండా పెడితే డిస్కులకి వెళ్లే రెండు మినీ సాస్ కేబుళ్ల లాగుడికి కార్డు పక్కకి వాలుతుంది, డిస్కులు ఉండుండి మాయమవుతాయి.

అసలు తంటా ఈ కార్డులో ఉన్న సాస్2008 చిప్‌తోనే వచ్చే వేరే కంపెనీల చుట్టాలతోనే. డెల్ హెచ్310 కార్డుల్లో మామూలు రకం ఈ స్లాట్లలో పడుతుంది. 'మినీ' అని ఉన్నది డెల్ సర్వర్ బోర్డు మీది ప్రత్యేక కనెక్టర్‌కే. ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

సూపర్‌మైక్రో తన సర్వర్ల కోసం చేసిన యూఐఓ రకం కార్డు ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే దాని బంగారు పళ్ల వరస అచ్చం పీసీఐఈదే. చిప్‌లున్న వైపు మీకు ఎదురుగా, పళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. బ్రాకెట్ ఎడమ పక్కన ఉంటే మామూలు కార్డు. కుడి పక్కన ఉంటే యూఐఓ. స్లాట్‌లో దిగుతుంది, పనీ చేస్తుంది. కానీ చిప్‌లు అవతలి ముఖం మీద ఉంటాయి కాబట్టి బ్రాకెట్ క్యాబినెట్ కంతకి ఎదురు రాదు. బ్రాకెట్ విప్పేసి, వాషర్లతో వేరేది బిగించే ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

హెచ్310 లాంటి డెల్ కార్డు పెట్టగానే డెస్క్‌టాప్ బోర్డు డిస్‌ప్లే ఇవ్వకపోతే కార్డు పోయిందనుకోకండి. చిప్‌ల వైపు, బ్రాకెట్ కొస నుంచి లెక్కపెట్టి 5, 6 పిన్నుల మీద సన్నని కాప్టన్ టేప్ (వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేప్) అంటించండి. అవి ఎస్‌ఎంబస్ (బోర్డూ కార్డూ నిర్వహణ సమాచారం మాట్లాడుకునే లైను) పిన్నులు, కొన్ని బోర్డులతో గొడవపడతాయి. పక్క పిన్ను మీదికి టేప్ పోకూడదు.

పొడవు చూసి వేగం అంచనా వేయొద్దు. చాలా బోర్డుల్లో రెండో ఎక్స్16 స్లాట్‌కి నిజంగా ఉండేది నాలుగు లేన్లే, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పీసీఐఈ 2.0లో లేన్‌కి సెకనుకి 500 ఎంబీ, నాలుగుకి 2 జీబీ. ఎనిమిది హార్డ్ డిస్కులకి ఇంచుమించు చాలు, ఎనిమిది ఎస్‌ఎస్‌డీలకి చాలదు. కొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ రెండో ఎక్స్16 స్లాటే ఆగిపోతుంది. అది కూడా మాన్యువల్‌లోనే.

వైజాగ్ ఉక్కపోతలో ఈ చిప్‌కి సొంత గాలి కావాలి. సర్వర్ ఫ్యాన్ల హోరు కోసం చేసిన హీట్‌సింక్ అది, నిశ్శబ్దమైన క్యాబినెట్‌లో చేయి పెట్టలేనంత కాలుతుంది. 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ తప్పనిసరి అనుకోండి. బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి పళ్లు మసకబారితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ఎరేజర్‌తో గీకితే పూత పోతుంది.

డిస్కులని తనే చూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కి అయితే ఐటీ మోడ్ (రెయిడ్ లేకుండా డిస్కులని నేరుగా చూపించే) ఫర్మ్‌వేర్, 20.00.07.00 వెర్షన్ ఉన్నది అడగండి. కేబుల్ కొనేటప్పుడు 'ఫార్వర్డ్ బ్రేకౌట్' (కార్డు మీది ఒక మినీ సాస్ నుంచి నాలుగు సాటా డిస్కులకి వెళ్లేది) అని నొక్కి చెప్పండి. రివర్స్‌ది చూపుకి అచ్చం అలాగే ఉంటుంది, బిగించాక ఒక్క డిస్కూ కనబడదు.