సెకండ్ హ్యాండ్ గ్యాస్ అనలైజర్ కొంటున్నారా? ముందు కంట్రోలర్ మూత తీయించండి

ఇప్పుడే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి రాస్తున్నా, భాష కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి. హైదరాబాద్‌లో పాత వాక్యూమ్ సామాను అమ్మే ఒక పెద్దమనిషి సంగతి ఇది. పేరు రాయను, ఈ లైన్‌లో ఉన్నవాళ్ళకి అక్కర్లేదు కూడా. ఆయన దగ్గర రూ.85,000 పెట్టి రెసిడ్యువల్ గ్యాస్ అనలైజర్, అంటే వాక్యూమ్ ఛాంబర్‌లో ఏ గ్యాసు ఎంత మిగిలిందో చూపించే యంత్రం, తీసుకున్నా. మీద 'టెస్టెడ్ ఓకే' అని స్టిక్కర్. ఆ స్టిక్కర్ మాత్రం నిజంగానే కొత్తది.

మా కోటింగ్ ఛాంబర్‌కి బిగించాం. పంపింగ్ జరుగుతుంటే 18 దగ్గరి పీక్ (ఈ అంకె గ్యాసు అణువు బరువు, 18 అంటే నీటి ఆవిరి) చక్కగా దిగుతూ వచ్చింది. ఛాంబర్ ఆరిపోయిందనుకుని కోటింగ్ వేయాల్సిన భాగాలు ఎక్కించాం. కోటింగ్ పొరలు పొరలుగా ఊడొచ్చింది. అప్పుడు పాత స్కాన్లు తీసి చూస్తే 18తో పాటు 28, 32, 44 అన్నీ ఒకే నిష్పత్తిలో పడిపోయి ఉన్నాయి. పక్కన ప్రెషర్ కొలిచే కోల్డ్ క్యాథోడ్ గేజ్ మాత్రం కదల్లేదు. ప్రెషర్ అలాగే ఉండి గ్యాసులన్నీ కూడబలుక్కుని ఎక్కడికి పోతాయి? అనలైజర్‌లో వేడెక్కిన తీగ, అదే ఫిలమెంట్, వదిలే ఎలక్ట్రాన్లు తగిలితేనే గ్యాసు లెక్కకి వస్తుంది. తగ్గింది గ్యాసు కాదు, ఆ ఎలక్ట్రాన్లు.

కంట్రోలర్‌లో చూస్తే ఎమిషన్, అంటే ఆ ఎలక్ట్రాన్ల కరెంటు, 1.00 మిల్లీ ఆంపియర్, స్థిరంగా. 2కి పెంచాను. పీకులు అంగుళం లేవలేదు, డిస్‌ప్లే మాత్రం వినయంగా 2.00 చూపించింది. మళ్ళీ 1కి తెచ్చి, ఆ ఎలక్ట్రాన్లు చేరే గ్రిడ్ లైన్లో మీటర్ కలిపితే వస్తున్నది 0.3.

ఫోన్ చేశాను.

"సార్, డిస్‌ప్లేలో ఒకటి కనిపిస్తోందా లేదా?"

కనిపిస్తోందండీ, మీటర్లో రావట్లేదు అన్నాను.

"అయితే మీ మీటర్ చూపించుకోండి. అయినా ఫిలమెంట్‌కి గ్యారంటీ ఉండదు సార్. వాక్యూమ్ తెలియనివాళ్ళకి అమ్మితే ఇదే తలనొప్పి."

వెనకాల ఎవరో నవ్వడం కూడా వినిపించింది. డిఫ్యూజన్ పంపు నూనెతో చేతులు నల్లబడ్డ నాకు వాక్యూమ్ తెలియదట! ఫోన్ పెట్టేసి మూత తీశాను.

ఫిలమెంట్ వేడి కాస్త పెరిగితే చాలు, ఎమిషన్ ఎన్నో రెట్లు ఎగురుతుంది. ఆక్సిజన్ తగిలినా, ఫిలమెంట్‌లోని ఇరీడియం తీగ మీది ఇట్రియా పూత అరిగినా పడిపోతుంది. అందుకే సర్క్యూట్ ఆ ఎలక్ట్రాన్ కరెంటును ఒక రెసిస్టర్ మీద కొలుస్తూ, తగ్గితే హీటింగ్ పెంచుతూ, పెరిగితే దించుతూ ఉండాలి. నాకిచ్చిన బోర్డులో ఆ రెసిస్టర్ ఒక కాలు గాల్లో లేచి ఉంది. దాని బదులు ఒక ట్రిమ్‌పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సెట్ చేసే చిన్న రెసిస్టర్), చుట్టూ తుడవని సోల్డరింగ్ ఫ్లక్స్ ఇంకా జిగటగా ఉంది, కదలకుండా పైన ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. హీటింగ్‌ని చేత్తో ఒకచోట నిలబెట్టేసి, మనం నొక్కిన అంకెనే మనకి తిరిగి చూపించేలా డిస్‌ప్లేకి వైరు లాగారు. ఇది పాడైన బోర్డు కాదు, కూర్చుని తీరిగ్గా చేసిన పని. ఫిలమెంట్ విప్పితే మధ్యలో పూత రాలిపోయి లోహం మెరుస్తోంది.

డెమో వీడియో కాల్‌లో ఆ 1.00 చూసి తలూపి, అక్కడికక్కడే మొత్తం డబ్బు యూపీఐలో కొట్టిన మహానుభావుణ్ణి నేనే. సన్మానం చేయదలచినవాళ్ళు శాలువాతో రావచ్చు.

కొనేవాళ్ళు ఒకటే చేయండి. ఛాంబర్‌కి పెట్టి నడుపుతుండగా ఎమిషన్ 1 నుంచి 0.5కి దించమనండి. 18, 28 పీకులు దాదాపు సగానికి రావాలి, హీటింగ్ కరెంటు కూడా కొంచెం కదలాలి. కదలకపోతే లేచి వచ్చేయండి. మీటర్ మీరే కలిపేటట్టయితే ముందు సప్లై ఆపండి, ఆ లైన్లో ఓల్టేజ్ ఉంటుంది.

అన్నట్టు, ఇదే మోడల్ ఇంకోటి ఉంది, రేటు తగ్గిస్తానని నిన్న రాత్రి నాకే మెసేజ్ పెట్టాడు.