మ్యాప్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక్క షీటు ప్రింటు తీసి చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు ట్రావెల్స్ నడిపేవాళ్లు, లాడ్జీలవాళ్లు, టీచర్లు దయచేసి చదవండి. "తక్కువ ధరకే మ్యాప్ సాఫ్ట్‌వేర్, లైఫ్‌టైమ్ లైసెన్స్" అంటూ ఎవరైనా వస్తే తొందరపడి డబ్బు కట్టకండి. నాకు 7,500 రూపాయలు పోయాయి.

మాది అలిపిరి దారిలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు. కపిలతీర్థం ఎంత దూరం, శ్రీవారి మెట్టుకు ఎటు పోవాలి, తిరుచానూరు, శ్రీకాళహస్తి ఒకే రోజులో అవుతాయా అని వచ్చినవాళ్లంతా అడుగుతుంటారు. గోడకు ఏ2 సైజులో అందమైన మ్యాపు పెడదామనుకున్నాను. అమ్మిన అతను ల్యాప్‌టాప్‌లో చూపిస్తే శేషాచలం కొండలు పచ్చగా, రోడ్లు నాజూగ్గా ఉన్నాయి. అక్కడికక్కడే కట్టేశాను.

ప్రెస్సులో ప్రూఫ్ తీశాక అసలు సంగతి బయటపడింది. "అన్నా, రోడ్లన్నీ మెట్లు మెట్లుగా ఉండాయే" అన్నాడు మిషను దగ్గరి అబ్బాయి. చంద్రగిరి రోడ్డు వంపు మీద వేలు పెట్టి చూపించాడు. గీతంతా చిన్న చిన్న గళ్లుగా విరిగిపోయింది. ఏ2 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 4,961 × 7,016 పిక్సెల్స్ కావాలి. ఇది ఇచ్చేది 96 డీపీఐ, అంటే 1,587 × 2,245 మాత్రమే. ఎక్కువ కావాలంటే ఇంకో ప్లాన్ కొనాలట. డెమోలో ఆ ఊసే ఎత్తలేదు.

అంతకంటే బాధపెట్టింది తెలుగు. "శ్రీకాళహస్తి"లో శ కింద క్రావడి పడలేదు, "శ్‌రీ" అని విడిపోయింది. చివర "స్‌తి" కూడా అంతే. దేవుడి ఊరి పేరు అలా అచ్చేసి గోడకెలా పెడతాం? జిల్లా సరిహద్దూ పాతదే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడితే, ఆ సాఫ్ట్‌వేర్ మ్యాపులో తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఫోన్ చేస్తే "యాక్టివేట్ చేశాక రీఫండ్ ఉండదు సార్" అన్నారు. తర్వాత ఫోనే ఎత్తలేదు.

చివరికి క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో నేనే చేసుకున్నాను. అది పూర్తిగా ఉచితం. నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టిందన్నది నిజం, ఓపిక కావాలి. రోడ్లు, గుళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనం కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) నుంచి తీసుకున్నాను. వ్యాపారానికైనా వాడుకోవచ్చు, మ్యాపు మూలన వాళ్ల పేరు వేస్తే చాలు. కొండల నీడలకు 2000లో నాసా షటిల్ నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా వాడాను. మడతలు మడతలుగా కొండలు ఎంత బాగా వచ్చాయో! పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను పాత్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చే ఆప్షన్ పెట్టండి. ప్రెస్సులో మీ ఫాంటు లేకపోయినా వత్తులు చెదరవు.

డబ్బు పెట్టే కొంటామంటే, ముందు ట్రయల్ కాపీలో మీ ఊళ్ల పేర్లు తెలుగులో కొట్టి, కావలసిన సైజులోనే ఒక్క షీటు ప్రింటు తీయించండి. అందుకు ఒప్పుకోనివాళ్లకు అడ్వాన్సు కూడా ఇవ్వకండి. రీఫండ్ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర అలాంటి రాత ఏదీ లేదు, ఉన్నది రసీదు, పాడైన ప్రూఫ్. ఆ రెండూ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇంకా తేలలేదు.