పందిపిల్లల రోటా కిట్: ‘ఏ’ రకం వరకు సరే, ‘సి’ రకం మాటేంది?

జడ్చర్ల దగ్గర మాకు చిన్న పందుల ఫారం ఉంది. యార్క్‌షైర్ రకం పెంచుతాం. ఈనిన నాలుగైదు రోజులకే పిల్లలకు నీళ్లలాంటి పసుపు పారుడు మొదలైతే, మహబూబ్‌నగర్‌లో పశువుల మందుల షాపు నుంచి ఈ రోటా కిట్ తెచ్చాను. రోటా అంటే పారుడు తెచ్చే రోటావైరస్. వాడటం తేలికే. పుల్లతో పెంట తీసి ద్రవంలో కలిపి, పట్టీ మీద చుక్కలు వేయాలి. రెండు గీతలు వస్తే రోటా ఉన్నట్టు. గీతలు స్పష్టంగానే కనిపిస్తాయి.

మాకు ఒక్క గీతే వచ్చింది. “రెండో గీత రాలేదంటే రోటా లేనట్టే అన్నా” అని షాపాయన యాంటీబయోటిక్ ఇచ్చాడు. పారుడు ఆగలేదు. పిల్లలు ఎండిపోయి తల్లి పక్కనే చనిపోతుంటే చూడలేకపోయాం. డాక్టర్ సార్ వచ్చి, పెంటను ఐస్‌లో పెట్టించి హైదరాబాద్‌లో పీసీఆర్ (వైరస్ జన్యువును పట్టుకునే ల్యాబ్ పరీక్ష) చేయించారు. తేలింది రోటానే, కాకపోతే ‘సి’ రకం.

కిట్ పాడైంది కాదు. అది పట్టుకునేది ‘ఏ’ రకం లోపలి పొరలోని ప్రొటీన్‌ను. ‘సి’లో ఆ ప్రొటీన్ వేరుగా ఉంటుంది కాబట్టి గీత రాదు. ఈ ‘సి’ని 1980లో మొదట గుర్తించిందే పందుల్లో. పాలు తాగే చిన్న పిల్లల్లో దాన్ని తప్పకుండా వెతకాలని సార్ చెప్పారు. పందుల్లో ‘బి’, ‘హెచ్’ రకాలు కూడా ఉన్నాయట.

‘ఏ’ కూడా ఒక్కటి కాదు. రోటా జన్యువులు 11 ముక్కలుగా ఉంటాయి. ఒకే పేగులోకి రెండు ‘ఏ’ వైరస్‌లు చేరితే ముక్కలు మార్చుకుని కొత్తది పుడుతుంది. ఉదాహరణకు, మనుషుల పసిపిల్లలకు వేసే రోటావ్యాక్ టీకా చుక్కలు మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసినవే. అందులోని 116ఇ వైరస్ ఢిల్లీలో అప్పుడే పుట్టిన బిడ్డల్లో దొరికింది. అది మనుషుల రోటానే, కానీ ఒక జన్యువు మాత్రం పశువుల రోటా నుంచి వచ్చింది. ఇది విన్నాక పందుల షెడ్డు, బర్రెల కొట్టం ఆనుకుని ఉండటం నాకు నచ్చడం లేదు. ఈ వేసవిలోనే విడదీస్తున్నాం.

ఒక రకం మీద వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకో రకానికి అంతగా పనిచేయదు. అందుకే రకం ఏదో తెలియకుండా చూడి పందులకు టీకా గురించి మాట్లాడి లాభం లేదు. పిల్లలకు కాపాడే శక్తి చేరేది జున్నుపాలు, తల్లిపాల ద్వారానే.

పాలు మాన్పించిన పిల్లలకు పారుడు వస్తే ఈ కిట్ కొనొచ్చు, త్వరగా ఒక దారి చూపుతుంది. మొదటి వారం పిల్లలకైతే గీత రాలేదని ఊరుకోవద్దు, పెంటను పీసీఆర్‌కు పంపండి. ఐదుకు రెండున్నర ఇస్తున్నా. “‘ఏ’ రకానికి మాత్రమే” అని పెట్టె మీద తెలుగులో పెద్దగా రాస్తే నాలుగు ఇస్తాను.