సెల్లిటా, ఒమేగా, రోలెక్స్: మూడింటినీ మిషను మీద పెట్టి చూశాం

ముందే చెప్పేస్తా, పెట్టిన డబ్బుకి నా ఓటు ఒమేగా 8800కే (ఇక్కడి నంబర్లన్నీ వాచీ లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్ పేర్లు). రోలెక్స్ 3235 తక్కువదని కాదు, దాని సంగతి కింద చెప్తా.

పండక్కి అందరం దొరికాం కదా అని మా బావ ఒమేగా సీమాస్టర్ (షిప్పుల్లో చేస్తాడు, మా ఉద్దానం వైపు అలా వెళ్ళేవాళ్ళు చాలామందే), బావ ఫ్రెండు రోలెక్స్ సబ్‌మెరీనర్, నా చేతికున్న సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 వాచీ, మూడూ పట్టుకుని విజయనగరం గంట స్తంభం దగ్గర తెలిసిన వాచ్ మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆయన దగ్గర టైమ్‌గ్రాఫర్ ఉంది, అంటే వాచీని మైకు మీద బిగిస్తే ఆ టిక్‌టిక్ విని రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో చూపించేది.

ఫస్ట్ నాది. డయల్ పైకి ఉంటే +6, కీ ఇచ్చే బొడిపె కిందకి వచ్చేలా నిలబెడితే −5. సగటు చూస్తే సూపరే, కానీ పడుకోబెడితే ఒకలా నిలబెడితే ఒకలా, 11 సెకన్ల తేడా. ఆ రేటుకి అది తప్పేం కాదు. కానీ క్వాలిటీ బయటపడేది ఇక్కడే, ఒక్క పొజిషన్‌లో కరెక్ట్ టైం రప్పించడం రెగ్యులేటర్ (స్పీడు సరిచేసే బుల్లి మీట) కాస్త జరిపితే అయిపోద్ది, ఎలా పడేసినా ఒకేలా నడవాలంటే మాత్రం బ్యాలన్స్ వీలూ (అటూ ఇటూ ఊగుతూ టైం కొలిచే చక్రం) దాన్ని ఊపే సన్నటి చుట్ల హెయిర్ స్ప్రింగూ నిజంగా బాగుండాలి. జ్యువెల్స్ (రాపిడి తగ్గించడానికి లోపల పెట్టే బుల్లి రాళ్ళు) లెక్క చూసి మోసపోకండి, నాన్నగారి హెచ్ఎంటీ జనతాలో 17, నా దాంట్లో 26, అదనంగా ఉన్నవాటిలో చాలావరకు ఆటోమేటిక్ భాగం (చెయ్యి కదిలితే దానంతటదే కీ ఎక్కించేది) కోసమే.

సబ్‌మెరీనర్ పెడితే ఎలా తిప్పినా తేడా మూడు సెకన్లు దాటలేదు. రోలెక్స్ వాళ్ళు కేసులో బిగించాక రోజుకి −2/+2 అంటారు, కోస్క్ (వాచీలు టెస్ట్ చేసే స్విస్ సంస్థ) సర్టిఫికెట్‌కి −4/+6 ఉంటే చాలు, అది కూడా కేసు లేకుండా ఒట్టి మూవ్‌మెంట్‌ని టెస్ట్ చేస్తారు. 3235లో బ్యాలన్స్‌ని ఒక పక్క నుంచి కాదు, రెండు పక్కలా బ్రిడ్జి పట్టుకుంటుంది, రెగ్యులేటర్ ఉండదు, చక్రానికున్న బుల్లి నట్లు తిప్పి సెట్ చేస్తారు. 70 గంటల రిజర్వ్, శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున్న నడుస్తూనే ఉంటుంది. చూద్దామంటే వెనక మూత గాజుది కాదు, అదొక్కటే నాకు నచ్చనిది.

ఒమేగా దగ్గర కాసేపు కంగారు పడ్డాం. యాంప్లిట్యూడ్ (బ్యాలన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో) 355 చూపిస్తోంది, నిజంగా అంత ఊగితే లోపల కొట్టుకోవాలి. కారణం ఏంటంటే మిషనులో లిఫ్ట్ యాంగిల్ (ఆ ఊపు లెక్కకట్టడానికి మూవ్‌మెంట్‌ని బట్టి పెట్టే కోణం) 52 దగ్గరే ఉంది, ఒమేగాలో ఉండే కో యాక్సియల్ ఎస్కేప్‌మెంట్‌కి (బ్యాలన్స్‌ని తోస్తూ చక్రాల్ని ఒక్కో పన్నే వదిలే భాగం) 38 పెట్టాలి, మార్చగానే 260 దగ్గరికి దిగి కూర్చుంది. ఈ ఎస్కేప్‌మెంట్ జార్జ్ డేనియల్స్ కనిపెట్టింది, ఒమేగా 1999లో మార్కెట్లోకి తెచ్చింది, పళ్ళు రాసుకోవడం తక్కువ కాబట్టి నూనె మీద ఆధారపడటం తక్కువ. పొజిషన్ తేడా రోలెక్స్ కంటే ఒక సెకను ఎక్కువొచ్చింది, అంతే. కానీ సిలికాన్ హెయిర్ స్ప్రింగ్, 15,000 గాస్ (మాగ్నెట్ బలం కొలత) దాకా మాగ్నెట్ భయం లేదు, ఫోన్ కవర్లు స్పీకర్లు ఉన్న ఈ రోజుల్లో ఇది చాలా పెద్ద విషయం, మామూలు స్ప్రింగ్‌కి మాగ్నెట్ పడితే చుట్లు అతుక్కుని నిమిషాలకి నిమిషాలు ఫాస్ట్ అయిపోద్ది.

బావకి ఒకటే బాధ, 8800లో గంటల ముల్లు ఒక్కటే జరపడం కుదరదు. షిప్పులో టైం జోన్ మారినప్పుడల్లా వాచీ ఆపి మళ్ళీ సెకన్లు కలుపుకోవాలి. ఒమేగాదే ఇంకో మూవ్‌మెంట్ 8900లో ఆ సౌకర్యం ఉంది, షిప్పుల వాళ్ళు అది చూసుకోండి.

సర్వీసు మాటకొస్తే సెల్లిటా దాదాపు ఈటీఏ అనే స్విస్ కంపెనీ 2824 మూవ్‌మెంట్‌కి కాపీయే, పార్టులు దొరుకుతాయి, మెకానిక్ గారే విప్పి కడిగేస్తారు. మిగతా రెండూ చూపిస్తే "నానైతే ఇవి ఇప్పను బాబు, ఏటైనా అయితే పార్టు ఎక్కడ తెత్తాను" అన్నారు. అంటే కంపెనీకి పంపాల్సిందే, ఆ ఖర్చు కొనేటప్పుడే వేసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే డబ్బులు ఇచ్చే ముందే ఫుల్ కీ ఇచ్చి కనీసం మూడు పొజిషన్లలో రీడింగ్ చూపించమని అడగండి. అమ్మేవాడు ఒక్క డయల్ పైకి ఉన్న ఫొటో పంపి సరిపెడితే వదిలేయండి.