జిప్సీకి పెద్ద టైర్లు: 235 గుండయ్యేదాకా వాడి, 215కి వచ్చాక

మాది 2005 మోడల్ మారుతి జిప్సీ, ఎంపీఎఫ్ఐ ఇంజన్, సాఫ్ట్ టాప్. ఉండేది నర్సీపట్నంలో, బావమరిదికి చింతపల్లి వైపు కాఫీ తోట ఉంది, అందుకని ఈ బండి సోకు కోసం పెట్టుకున్నది కాదు, వానాకాలంలో దీనితో నిజంగానే పని. కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 15 అంగుళాలు. దాని బదులు 235/75 ఆర్15 ఆల్ టెర్రైన్ టైర్లు వేసి అవి గుండు అయ్యేదాకా తిప్పాను, ఇప్పుడు కొన్నాళ్లుగా 215/75 ఆర్15 మీద నడుస్తోంది. పాత జిప్సీ కొన్న కుర్రాళ్లందరూ మొదట అడిగేది టైర్ల గురించే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు లెక్క చూసుకోండి. 205/70 టైరు నిలువు ఎత్తు 668 మిల్లీమీటర్లు, 215/75 అయితే 703, 235/75 అయితే 733. అంటే 235 వేస్తే 65 పెరిగినట్టు కనిపిస్తుంది గానీ ఇరుసు లేచేది అందులో సగం, 33 మిల్లీమీటర్లే. ఇంతేనా అనిపిస్తుంది, కానీ లిఫ్ట్ కిట్ వేసినా, కమాన్ కట్టల్ని పట్టుకునే షాకిల్స్ పొడుగువి పెట్టినా పైకి లేచేది బాడీ మాత్రమే, ఇరుసు మధ్యలో కిందికి వేలాడే గేర్ల గుండు, అదే డిఫరెన్షియల్, ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, దాన్ని లేపాలంటే టైరు తప్ప వేరే దారి లేదు. ట్రాక్టర్లు తిరిగి రెండు పక్కలా లోతుగా గాడి పడిన మట్టి దారిలో మధ్య గట్టు కింద నుంచి పట్టుకుని బండి కూర్చుండిపోతుంది చూడండి, అలాంటి చోట 235తో గీసుకుంటూ అయినా దాటేశాం. ఆ విషయంలో వంక పెట్టలేను.

వంకంతా ఇంజన్ దగ్గర. 1298 సీసీ, 80 హార్స్‌పవర్, 103 ఎన్ఎం టార్కు, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది. డీజిల్ జీపులా కింద నుంచి లాగే బండి కాదు ఇది. టైరు పది శాతం పెద్దదైతే గేర్లన్నీ అంత మేర పొడుగైపోయినట్టే, పైగా ఒక్కో టైరు బరువు కూడా పెరుగుతుంది. లంబసింగి ఘాట్‌లో మూడో గేర్లో పోయే మలుపులకి రెండులోకి దిగాల్సి వచ్చేది, ఐదో గేరు హైవే మీద చిన్న ఎత్తు వచ్చినా చేతులెత్తేసేది. మట్టి దారిలో ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలూ లాగే నిదానం గేరు, వేసుకుంటే ఈ బాధ తెలియదు, కానీ ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ జిప్సీకి ఉండదు కాబట్టి పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకూడదు, అక్కడ మాత్రం క్లచ్ మీదే భారం.

మైలేజీ దగ్గర చాలామంది తప్పు లెక్క వేస్తారు. పెద్ద టైరుతో మీటరు తక్కువ చూపిస్తుంది, 60 చూపిస్తే నిజంగా పోయేది 66. కిలోమీటర్లూ అంతే, మీటరు వంద తిరిగితే బండి నూటపది తిరిగినట్టు. మీటరు ప్రకారం లీటరుకి 8 వస్తోందంటే అసలు వచ్చేది 8.8. కాబట్టి పెట్రోలు తాగుతుంది నిజమే, జనం చెప్పినంత మాత్రం కాదు. వేగం సంగతి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి, ఎందుకంటే బ్రేకులు పాతవే, ముందు డిస్కులు వెనక డ్రమ్ములు, బరువైన టైరుని ఆపడానికి కాలు ఇంకాస్త గట్టిగా నొక్కాలి. ఘాట్ దిగేటప్పుడు నేను ఎప్పుడూ గేరు మీదే దింపుతాను.

స్టీరింగ్ గురించి చెప్పక్కర్లేదు. పవర్ స్టీరింగ్ లేని బండి, నిలబడ్డ చోట తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి. పూర్తిగా తిప్పితే లోపలి వైపు టైరు కమాన్ కట్టలకి రాసుకుంటుంది. ముందు చక్రం తిరిగే నకిల్ మీద, ఎంతవరకు తిరగాలో ఆపే స్టాపర్ బోల్టు కొంచెం బయటికి తీసి పెడితే రాసుకోవడం ఆగుతుంది గానీ ఒక్క కోతలో తిరిగే చోట వెనక్కి ముందుకి ఆడాల్సి వస్తుంది. ఇంకో పద్ధతి, బయటికి వచ్చే రిమ్ములు వెయ్యడం. ఎలాగూ కంపెనీ ఐదున్నర అంగుళాల రిమ్ము 235కి సన్నం, ఆరు అంగుళాలది కావాలి, కానీ చక్రం ఎంత బయటికి వస్తే బేరింగుల మీద అంత భారం. జిప్సీ పీసీడీ, అంటే చక్రం బోల్టులు ఉండే వలయం వ్యాసం, ఐదు బోల్టులతో 139.7 మిల్లీమీటర్లు, అది కలిస్తే సరిపోదు, మధ్య రంధ్రం హబ్బు మీదుగా పట్టాలి, ఒకసారి పెట్టి చూడకుండా డబ్బులివ్వొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది గాలి, దాన్నే ఎవరూ పట్టించుకోరు. జిప్సీ బరువు ఇంచుమించు ఒక టన్ను. 235/75 టైరు తయారైంది దానికన్నా చాలా బరువైన బళ్ల కోసం. పంచరు షాపులో కుర్రాడు ఆ టైరు చూసి చెయ్యి అలవాటు కొద్దీ 35 పీఎస్ఐ గాలి కొట్టేస్తాడు, ఇక బండి రోడ్డు మీద బంతిలా ఎగురుతూ ఉంటుంది, టైరు మీది రబ్బరు బద్దల్లో మధ్యవే నేలకి తగులుతాయి, అవే అరుగుతాయి. నేను తెలుసుకున్న పద్ధతి సుద్దముక్క. టైరు అడ్డంగా సుద్దతో మందంగా గీత గీసి, చదునైన సిమెంటు మీద నిదానంగా కొంచెం దూరం నడిపి దిగి చూడాలి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. అలా చూసుకుంటూ వస్తే నా బండికి 24, 26 మధ్యలో కుదిరింది, లోడు వేస్తే వెనక ఇంకాస్త. బురదలోకి దిగేముందు 16కి దించుతాను, అక్కడ పోయే బండి వేరు, 35తో ఉన్న బండి వేరు, సైజు ఏదైనా సరే. తారు ఎక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలి కాబట్టి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ బండిలో ఉండాల్సిందే.

పాత బండి కాబట్టి ఇంకొకటి. టైర్లు మార్చిన కొత్తలో అరవై దాటగానే స్టీరింగ్ గజగజ వణికేది, బ్రేకు వేసి ఆపితే తప్ప తగ్గేది కాదు. ఊళ్లో ఒక షాపులో బ్యాలెన్సింగ్ చేశారు, మళ్లీ చేశారు, అలైన్‌మెంట్ అన్నారు, డబ్బులైతే తీసుకున్నారు. రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు ఉండే సాలిడ్ యాక్సిల్ బండికి అలైన్‌మెంట్ అంటే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే తేడా, ఒక్కటే సర్దగలరు, మిగతాది కంప్యూటర్ తెర మీద బొమ్మలు. చివరికి ఆర్మీ వేలం జిప్సీలు బాగుచేసే ముసలి మేస్త్రీ చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, కింగ్‌పిన్ బేరింగులు పోయాయి బాబూ అన్నాడు. ముందు చక్రం పక్కలకి తిరిగేది ఆ బేరింగుల మీదే, అవి మార్చాక వణుకు పోయింది. చిన్న టైరు ఆ లూజుని కప్పిపెట్టింది, పెద్ద టైరు బయటపెట్టింది, అంతే.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి, వేరే సైజు వేసి ఫోర్ వీల్ వేస్తే గేర్లు బిగుసుకుంటాయి. అయితే ఆ బరువంతా వెనక తలుపుకే వేలాడుతుంది, మాకు తలుపు కిందికి వాలి గొళ్లెం పడటం మానేసింది, చివరికి కీలు దగ్గర పట్టీ వెల్డింగ్ చేయించాం.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా గుర్తుంచుకోండి, తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని దాని సారం. 15 ఏళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లే బండి అయితే ఆర్టీఏలోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా ముందే అడిగి తెలుసుకున్నాకే టైర్లు కొనండి.

235 అరిగిపోయాక 215/75 ఎందుకంటే, ఇరుసు ఎత్తు 18 మిల్లీమీటర్లు లేచింది, గేర్లు ఐదు శాతమే పొడుగయ్యాయి, పాత రిమ్ము సరిపోయింది, ఎక్కడా రాసుకోవడం లేదు, ఘాట్‌లో మూడో గేరు తిరిగి వచ్చింది. బురదలో పట్టు చాలావరకు టైరు బద్దల వల్లా గాలి దించడం వల్లా వచ్చిందే, కాబట్టి అది పోలేదు. లోతు గాడి దారుల్లో మాత్రం 235 లేని లోటు తెలుస్తుంది, బావమరిది తన జిప్సీకి అదే ఉంచుకున్నాడు, తోట దాటి బయటికి రాని బండికి అదే సరి. వారంలో ఎక్కువ రోజులు తారు మీద తిరిగే వాళ్లు 215 దాటొద్దు.

కొనేటప్పుడు టైరు పక్కన అచ్చు వేసిన తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 3521 అంటే 2021లో 35వ వారం తయారీ. ఈ సైజులు చిన్న ఊళ్లలో నెమ్మదిగా అమ్ముడవుతాయి కాబట్టి గోడౌన్‌లో ఏళ్లుగా పడి ఉన్నవి కొత్తవిగా అంటగడతారు. నాలుగూ ఒకే ఏడాదివి ఇస్తేనే బిల్లు కొట్టించండి.