నిషికసాయి స్టేషన్‌లో అమ్మ నా చెయ్యి వదిలేసింది

టోక్యోలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి అమ్మను తీసుకెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాను. మనవాళ్ళు చాలామంది ఉండే నిషికసాయిలోనే వాళ్ళ ఇల్లు. "కసాయి ఏంది, ఊరికి అదేం పేరు?" అని అమ్మ మొదట బెదిరింది. నిషి అంటే పడమర, కసాయి ఆ ప్రాంతం పేరు, అంతే. చూపు సరిగా లేని పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని అక్కడి స్టేషన్ గురించి రాస్తున్నాను.

గ్లకోమా వల్ల అమ్మకు పక్కచూపు పోయింది. కాళ్ళ దగ్గర ఏముందో కనిపించదు. తార్నాకలో మా వీధి చివరి దాకా వెళ్ళాలన్నా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఫుట్‌పాత్ మీద బండ్లు, మధ్యలో కరెంటు స్తంభం. బయటికి రావడమంటేనే తనకు టెన్షన్.

నిషికసాయి స్టేషన్ చూడటానికి మామూలుగానే ఉంటుంది. పైన తోజాయ్ లైన్ మెట్రో రైళ్ళు, కింద టికెట్ గేట్లు. కానీ బయటి నుంచి గేటుకు, అక్కణ్ణుంచి ప్లాట్‌ఫాం దాకా నేల మీద పసుపు పలకలు పరిచి ఉన్నాయి. పొడుగు గీతలు తగిలితే నడవాలి, గుండ్రటి బుడిపెలు తగిలితే ఆగాలి. ప్లాట్‌ఫాం అంచున బుడిపెల పక్కనే ఒక గీత కూడా ఉంటుంది. ఆ గీత ఉన్నవైపు ప్లాట్‌ఫాం, అవతల పట్టాలు. ఎంత ఆలోచించి పెట్టారో! ఈ పలకలను కనిపెట్టింది జపాన్‌కే చెందిన మియాకె సెయిచి. 1967లో ఒకాయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు.

నాలుగో రోజు అమ్మ కావాలనే పల్చటి అడుగున్న చెప్పులు వేసుకుంది. గేటు దాటాక, "చెయ్యి ఇడువు బిడ్డా, బుడిపెలొస్తె నేనే ఆగుత" అంది. నేను రెండడుగులు వెనక నడిచాను. మెట్ల దగ్గర రైలింగు చివర బ్రెయిలీ చుక్కలున్నాయి. అమ్మకు బ్రెయిలీ రాదు, కానీ చుక్కలు వేలికి తగలగానే మెట్లు మొదలయ్యాయని తెలుసుకునేది.

రాపిడ్ రైళ్ళు ఇక్కడ ఆగవు, లోకలే ఎక్కండి. టోక్యో నడిబొడ్డున ఉన్న ఒటెమాచి ఇక్కణ్ణుంచి ఏడో స్టేషన్. ఉదయం ఆఫీసుల వేళ తోజాయ్ లైన్ కిక్కిరిసి ఉంటుంది, పెద్దవాళ్ళతో అయితే పది దాటాకే బయల్దేరండి. చక్రాల కుర్చీ ఉంటే ముందే స్టేషన్ సిబ్బందికి చెప్పండి. రైలుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య పలక వేసి ఎక్కిస్తారు, దిగే స్టేషన్‌కు కబురు పెడతారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒకరోజు మెట్రోలో వెళ్ళి అమీర్‌పేటలో దిగాం. దిగగానే అమ్మ కాలితో నేలంతా తడుముకుంది. పసుపు పలక తగిలింది. నా మోచెయ్యి వదిలేసి ముందు నడిచింది. కింద రోడ్డు మీదికి రాగానే మళ్ళీ పట్టుకుంది.