చేప నూనె క్యాప్సూళ్లు: నాలుగేళ్లు వాడిన తరువాత

మా నాన్నగారికి యాభై రెండో ఏట గుండెపోటు వచ్చింది. అందుకే 2020లో కావలిలో చేయించుకున్న రక్తపరీక్షలో, 150 లోపు ఉండవలసిన ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) నాకు 286 ఉన్నాయని తెలియగానే కంగారుపడి మందుల దుకాణానికి పరుగెత్తాను. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఫరవాలేదని వైద్యుడు దాన్ని తగ్గించే స్టాటిన్ మందు రాయలేదు. చేప నూనె మాత్రం నా అంతట నేనే మొదలుపెట్టి, వెయ్యి మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి చొప్పున నాలుగేళ్లు మింగాను.

ఆ వెయ్యి అనేది నూనె బరువేనని నాకు ఏడాది దాకా తెలియదు. నేను కొన్న సీసా వెనుక చిన్న అక్షరాలలో ఇపిఎ 180, డిహెచ్ఎ 120 అని ఉంది; ఇవి రెండూ ఒమేగా-3 కొవ్వులలో రకాలు. అంటే గుండె కోసం మనం కొనుక్కునే ఒమేగా-3 అందులో మూడు వందల మిల్లీగ్రాములే. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవారికి వైద్యులు రాసే ఒమేగా-3 మందు రోజుకు నాలుగు గ్రాముల దాకా ఉంటుంది కనుక, ఆ లెక్కకు నా రకం క్యాప్సూళ్లు పదమూడైనా చాలవు. అలాగని సొంతంగా మోతాదు పెంచుకోవడం తగదు, ఎందుకంటే ఎక్కువ మోతాదు వాడినవారిలో గుండె లయ తప్పే ముప్పు పెరిగినట్లు పరిశోధనలలో కనిపించింది.

మొదటి మూడు నెలలకే అంకె 198కి దిగడంతో ఘనత అంతా క్యాప్సూల్‌దేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను. అదే సమయంలో రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకు మారిన సంగతి, తెల్లవారుజామున నలభై నిమిషాలు నడుస్తున్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. మరుసటి ఏడు సంక్రాంతి అరిసెలతో మొదలై వరుస పెళ్లిభోజనాలతో నడక, రొట్టె రెండూ అటకెక్కాయి. క్యాప్సూల్ మాత్రం ఒక్క రోజూ తప్పలేదు, అయినా అంకె 251కి ఎక్కింది. మళ్లీ దారిలో పడి 164కి వచ్చాక, ఈసారి క్యాప్సూల్ ఒక్కటే ఆపి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి, నాలుగు నెలల తరువాత పన్నెండు గంటల ఉపవాసంతో పరీక్ష చేయించాను: 158. ఒక మనిషి అనుభవం రుజువు కాదు గానీ, అమెరికాలో దాదాపు 26 వేల మందిపై జరిపి 2018లో ఫలితాలు ప్రకటించిన వైటల్ అధ్యయనంలోనూ, రోజుకొక గ్రాము చేప నూనె వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూసినప్పుడు చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు.

దుష్ప్రభావం అంటారా, పరగడుపున వేసుకుంటే మధ్యాహ్నం దాకా చేపల త్రేన్పులు వస్తాయి. భోజనం మధ్యలో వేసుకుంటే బాగా తగ్గుతాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా దీని జోలికి పోకూడదు.

ఈ నూనెను ఎక్కువగా తీసేది మనం కవళ్లు, నెత్తళ్లు అని పిలిచే చిన్న చేపల జాతులనుంచే. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆ కవళ్లే పులుసు పెట్టుకుంటున్నాం. తట్టలో తెచ్చే ఆమె "ముల్లెక్కువ సారూ, వంజరం తీసుకోండి" అంటుంది గానీ, వంజరం ధరకు కవళ్లు ఇల్లంతటికీ సరిపోతాయి. ఎండు నెత్తళ్లను మాత్రం ఉప్పు కారణంగా మానుకున్నాను; బీపీ ఉన్న మా ఆవిడ మామిడికాయ ఊరగాయను ఇంకా మానలేదు.

క్యాప్సూళ్లకు నేనిచ్చేది అయిదుకు రెండు మార్కులు.